సగంలో ఆగే నాబు

తిరుపతి,
9 మార్చి 2025, ఆదివారం.

చిన్నాయనా,

ఎట్లా ఉన్నావని అడగను. చిన్నమ్మ పోయిన వారం ఫోన్లో అన్నీ చెప్పింది. పక్కన నువ్వు "ఎవురు? ఎవురంట?" అని అరుస్తానే ఉన్నావు, నేను ఇటునుంచి "లోహితను చిన్నాయనా" అని అరుస్తానే ఉన్నాను. మా కాలేజీ స్టాఫ్ రూములో అందరూ పేపర్లు దించి చూసినారు. ముప్పై ఏండ్లు మరమగ్గాల మధ్య నిలబడిన చెవులను ఇంక ఫోన్‌తో ఇబ్బంది పెట్టడం ఎందుకని ఈ ఉత్తరం. నాకు కూడా రాస్తే తప్ప ఏ సంగతీ తేలదు. పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పేటప్పుడు తప్ప నేను ఏ మాటా గట్టిగా అనలేనని నీకు తెలిసిందే.

విషయం ఏమంటే, నాకొక యాంప్లిఫయర్ కావాలి. కాలేజీకి కాదు, గుడికి కాదు. నా గిటారుకు.

నవ్వొద్దు. మూడేండ్లుగా నేర్చుకుంటున్నాను. పునీత్ అని ఒకాయన, ఇక్కడ హోటళ్ళలో వాయిస్తాడు, ఆదివారం ఇంటికొచ్చి చెప్తాడు. "మేడమ్, మీరు వాయించేటప్పుడు కూడా అనుమానపడతారు" అంటాడు. నేను నేర్చుకునేది బ్లూస్ అనే సంగీతం. అమెరికాలో పత్తి చేలల్లో పనిచేసిన నల్లవాళ్ళు పాడుకున్న పాట. ఒక మాట అంటారు. అదే మాట మళ్ళీ అంటారు. మూడోసారి దానికి జవాబు చెప్తారు. స్వరం కూడా ఒకచోట కుదురుగా నిలబడదు, తీగను వేలితో పక్కకు వంచి, ఈ స్వరానికీ ఆ స్వరానికీ నడుమ వదిలేస్తారు. వాళ్ళ పత్తికీ మన నూలుకూ చుట్టరికం ఉందని ఒకరోజు నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మరుసటి రోజే, ఇది మరీ తేలికగా కలిపిన ముడి, వాళ్ళ దుఃఖం నాకెక్కడిది అనిపించింది. అయినా వేళ్ళు మాత్రం ఆగడం లేదు.

ఇప్పుడు నా ముందు రెండు పెట్టెలున్నాయి. ఒకటి చిన్న డబ్బా, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంటే బయటికి చీమ చిటుక్కుమన్నంత కూడా వినబడదు. రెండోది పాత రేడియోల్లో మాదిరి గాజు వాల్వులతో నడిచేది, ఐదు వాట్లే, కానీ గట్టిగా పలుకుతుంది. మా ఆయన భానుచందర్ మొదటిదే కొను అంటున్నాడు. "నీ ఇష్టమొచ్చినట్టు వాయించుకో, ఎవరికీ ఇబ్బంది లేదు" అని ప్రేమగానే అంటాడు. మా అపార్టుమెంటు సెక్రెటరీ ప్రేమానందం గారు లిఫ్టు పక్కన కాగితం కూడా అంటించినారు: 'సంగీత సాధన చేసేవారు హెడ్‌ఫోన్లు వాడవలెను.' ఈ అరవై ఇండ్లలో సంగీత సాధన చేసేది నేనొక్కదాన్నే.

నువ్వు నగరి మొత్తానికి ముప్పై ఏండ్లు మైకు సెట్టు ఆడించినోడివి. ఏది కొనమంటావు?

చిన్నమ్మ మోకాలికి నేను పంపిన నూనె వాడుతోందా, అలమారలో దాచిందా?

నీ
లోహిత

నగరి,
17-3-2025

పాపా లోహితా,

నీ ఉత్తరం చేరింది. పోస్టుమేన్ వీధిలో నిలబడి "గంగాధరం అన్నా, నీకు ఉత్తరం, కోర్టుదేమో" అని అందర్నీ పోగు చేసినాడు. ఇప్పుడు చేత్తో రాసిన ఉత్తరం వస్తే జనం బెదిరిపోతా ఉండారు.

నూనె అలమారలోనే ఉండాది.

నీకు సెట్టు కావాలన్న సంగతి మీ చిన్నమ్మకు గట్టిగా చదివి వినిపించినా. నాకు నా గొంతు ఎంత పెద్దగా వస్తాదో తెలీదు గదా, పక్కింటి చౌడేశ్వరమ్మ వదినకూ వినబడింది. సాయంత్రానికల్లా, లోహిత తిరుపతిలో మైకు సెట్టు బాడుగకు పెడతా ఉండాదంట, మొగుడు ఉద్యోగం మానేసినాడంట అని వీధంతా మాట. నేను సర్దిచెప్పేలోగా ఒకాయన పెండ్లికి రేటు కూడా అడిగిపోయినాడు.

నువ్వు అడిగినదానికి జవాబు. వాల్వు సెట్టే కొను. వాల్వు వేడెక్కినాక పలికే పలుకు దేంట్లోనూ రాదు. కానీ ఒకటి గుర్తు పెట్టుకో. వాల్యూం సగం దాటనీకూడదు. సగం దాటితే గొంతు చిరుగుతాది. నేను ముప్పై ఏండ్లలో ఒక్క ఇంటికి కూడా చిరిగిన పాట వినిపించలేదు. మగ్గం మీద పోగు తెగినా, మైకు గొట్టంలో పాట చిరిగినా పోయేది మన పరువే.

ఇంగో మాట. కొత్తది కొనేముందు రవ్వంత ఆగు. నా పాత సెట్టు అటక మీదనే ఉండాది. దించి చూస్తా.

ఇట్లు
చిన్నాయన

తిరుపతి,
28 మార్చి 2025.

చిన్నాయనా,

నీ ఉత్తరం చదివి మా ఆయనకు "నువ్వు ఉద్యోగం మానేసినావంట" అని చెప్పినాను. "ఎప్పుడు మానేసినానో తేదీ కూడా అడుగు" అన్నాడు. ఆయన మంచివాడు. అదే నా కష్టం. ఎవరైనా తిడితే ఎదురు చెప్పడం సులువు. ప్రేమగా తలుపు మూసేవాళ్ళతో ఏం కొట్లాడను?

కానీ నీకు ఒక సంగతి సరిగ్గా చెప్పలేదు. నాకు కావాల్సింది చిరిగే గొంతే చిన్నాయనా. బ్లూస్‌కు అదే ప్రాణం. వాల్వు ఇంక మోయలేనంత అయినప్పుడు, స్వరం అంచులు పీచులు పీచులుగా లేస్తాయి చూడు, అది కావాలి. పెద్దవాళ్ళెవరైనా ఏడుపు ఆపుకుంటూ మాట్లాడితే గొంతు అట్లాగే అవుతుంది. దాన్ని శుభ్రం చేస్తే మిగిలేది సినిమా హాల్లో ఇంటర్వెల్ పాట.

ఈ గోల నాకెక్కడ అంటుకుందో ఈమధ్యనే తెలిసింది. అంటించింది నువ్వే.

1990 ఆగస్టు, ఆడి నెల. మన వీధి గంగమ్మ జాతర, అంబలి పోసే పూట. నాకు తొమ్మిదేండ్లు. ప్రతి మగ్గం మీద నేసిన మొదటి చీర అమ్మవారికి ఇచ్చేది మన వీధి ఆచారం కదా, ఆ ఏడు నూటెనిమిది చీరలు వచ్చినాయి. చీరలు గుట్టగా పోసి ఉంటే, చిన్నమ్మ మైకు దగ్గరికి పోయింది. అందరూ అమ్మవారి పాట పాడుతుందనుకున్నారు. తను మాత్రం, నూలు కండెలు చుట్టేటప్పుడు ఆడవాళ్ళు పాడుకునే పాట ఎత్తుకుంది.

'నూటెనిమిది చీరలు నీకు, నాకు అంచు ముక్కా గంగమ్మా.'

ఆ వరుసే మళ్ళీ ఒకసారి, ఇంకా గట్టిగా. ఆ రెండోసారి నీ సెట్టు మోయలేకపోయింది. గొంతు చిరిగింది. గొట్టాలు రెండూ వణికినాయి. నాకు ఒళ్ళంతా ముళ్ళు లేచినాయి. తర్వాత సెట్టు ఆగిపోయింది. 'గంగాధరం సెట్టుకు కూడా జ్ఞానాంబ గొంతు ఎక్కువైంది' అని మన ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. నాయన అయితే ముందు వరుసలోనే నిలబడి ఉన్నాడు, ఊరి పెద్ద అయ్యుండి తమ్ముడి పెండ్లాం పాటకు చెయ్యెత్తి మెచ్చుకున్నాడు, నాకు బాగా గుర్తు.

యంత్రం కన్నా మనిషి గొంతు పెద్దదని నేను అక్కడ విన్నాను. ఇన్నేండ్లుగా దాన్నే వెదుకుతున్నాను. చూడు, అది కూడా రెండుసార్లు అని, మూడోసారి జవాబు చెప్పే పాటే. మూడో వరుస మాత్రం ఆ పూట నేను విననే లేదు, చిన్నప్పుడు ఇంట్లో విన్నది గుర్తు లేదు. చిన్నమ్మను అడిగితే "మర్చిపోయినా పాపా" అంటుంది. నీకు గుర్తుందా?

నీ
లోహిత

నగరి,
20-4-2025

లోహితకు,

జవాబు ఆలస్యమైంది. పని ఉండె. పాత కథలు ఎందుకులే, ఎప్పటి మాటలో అవి.

సెట్టు దించినా. ఎలుకలు వైర్లు కొరికినాయి కానీ వాల్వులు రెండూ బతికే ఉండాయి. కండెన్సర్లు అన్నీ మార్చినా. ఎర్తు వైరు కొత్తది వేసినా, లేకుంటే నీ గిటారు తీగలోకి కరెంటు వస్తాది, జాగ్రత్త. గొట్టాలు నీకు పనికిరావు. కాగితం కోను స్పీకరు పన్నెండు అంగుళాలది చెన్నపట్నం నించి తెప్పించినా. పెట్టెకు టేకు చెక్క వాడినా. ఎక్కడిదంటావేమో, మా నాయన నేసిన గుంత మగ్గం పలకలు. ముక్కలు చెయ్యాలంటే రంపం పెట్టబుద్ధి కాలా. మీ చిన్నమ్మే వచ్చి "ఉట్టిగా చెదలు తినడం కన్నా పాట తినడం మేలు" అనె. అప్పుడు కోసినా.

స్పీకరు ముందు గుడ్డ ఎట్లాంటిది ఉండాలో పుస్తకాల్లో లేదు. అంగుళానికి ఎన్ని పోగులు ఉంటే గాలి పోతాదో నాలుగు తుండ్లు నేసి చూసినా. మొదటిది చిక్కన, పాట ఉక్కిరిబిక్కిరి. రెండోది పలచన, దోమతెర మాదిరి. నాలుగోది కుదిరింది. ఎర్ర గళ్ళు పెట్టినా, మీ చిన్నమ్మ కోరిక.

నా చెవులకు యాడ వినబడతాది. రేడియో తగిలించి, పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూసినా. బాగా పలుకుతా ఉండాది. నీకూ, మీ ఆయనకూ, పక్కిండ్లోళ్ళకూ, అందరికీ సరిపొయ్యేట్టు చేసినా. ఏ ఇబ్బందీ రాదు.

బస్సు కార్గోలో వేస్తా. ఇద్దరు పట్టుకుని దించండి, నీ నడుము జాగ్రత్త.

చిన్నాయన

తిరుపతి,
11 మే 2025, ఆదివారం.

చిన్నాయనా,

పెట్టె చేరింది. ముందు మంచి మాట చెప్పేస్తాను, తర్వాత చెప్పలేనేమో. ఇంత అందమైన వస్తువు మా ఇంట్లో ఇంకోటి లేదు. టేకు పలక మీద తాత కూర్చుని కూర్చుని అరిగిన నునుపు అట్లాగే ఉంచినావు. ఎర్ర గళ్ళ గుడ్డను వేలితో నిమిరితే కండ్లలో నీళ్ళు తిరిగినాయి. వాల్వులు కొంచెం కొంచెం ఎర్రబడుతుంటే మా ఆయన కూడా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

గిటారు తగిలించి, వాల్యూం నాబు తిప్పినాను. సగం దగ్గర ఆగిపోయింది.

చెడిందేమో అనుకున్నాను. పునీత్ వచ్చి వెనక పలక విప్పి చూసినాడు. నాబు కాడకు అడ్డంగా నువ్వు ఒక ఇత్తడి మేకు దిగ్గొట్టి ఉన్నావు. సగం దాటకుండా. "ఇది ఎవరో కావాలని పెట్టినది మేడమ్" అన్నాడు. మా ఆయన నవ్వి, "మీ చిన్నాయన నా పార్టీ" అన్నాడు.

నేను నవ్వలేదు.

నీకు ఉత్తరం రాసి మరీ చెప్పినాను కదా, నాకు కావాల్సింది ఆ సగానికి అవతల ఉందని. కాగితం మీద, అక్షరాలు పెద్దగా పెట్టి. చెవులతో పనిలేదు. చదివినావు. చదివి కూడా మేకు కొట్టినావు. 'అందరికీ సరిపొయ్యేట్టు.' ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో తెలుసా? పీహెచ్‌డీకి బెంగుళూరు పోతానంటే మా అత్తగారు అన్న మాట అదే. గిటారు కొన్నప్పుడు మా ఆయన అన్న మాట అదే. ప్రేమానందం గారి కాగితంలో ఉన్నది అదే. నలభై నాలుగేండ్లుగా అందరికీ సరిపోతున్నాను చిన్నాయనా. నువ్వు ఒక్కడివి నన్ను దాటనిస్తావనుకున్నాను.

నాయన ఉండుంటే ఈ మేకు పీకేవాడు. నడివీధిలో చిన్నమ్మ పాటకు చెయ్యెత్తి మెచ్చుకున్న మనిషి ఆయన.

ఇంక వద్దులే. మేకు నేను ముట్టుకోలేదు. పెట్టె మీద పూలకుండీ పెట్టుకుంటాను. హెడ్‌ఫోన్ డబ్బా కొనుక్కుంటాను. ఎవరికీ ఇబ్బంది లేదు.

లోహిత

నగరి,
22-5-2025

అమ్మా లోహితా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివినా. ఈసారి గట్టిగా చదవలేదు. మగ్గాల షెడ్డులో, కరెంటు పోయిన గంటలో, ఒక్కణ్ణే కూర్చుని చదివినా.

మేకు సంగతి ముందు చెప్తా. బాడుగ సెట్లకన్నిటికీ ఆ మేకు కొడతా ఉంటి. పెండ్లోళ్ళు తాగి వచ్చి నాబు చివరి దాకా తిప్పి స్పీకర్లు కాల్చేస్తారని. చెయ్యి అలవాటు. రిపేరు చేసిన ప్రతి సెట్టుకూ ఆఖర్న మేకు. నీకు పంపేటప్పుడు కూడా చెయ్యి దానంతట అది కొట్టేసింది, అని రాసి ఊరుకుందామనుకుంటి. అది సగం నిజం. కొట్టేటప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది. గుర్తొచ్చినాక కూడా కొట్టినా. భయంతో కొట్టినా.

ఇప్పుడు రాసేది మీ చిన్నమ్మకు కూడా తెలీదు. ఈ మాట నాతోనే పోవాలనుకుంటి.

ఆ జాతర పూట సెట్టు చెడిపోలేదు లోహితా.

మీ చిన్నమ్మ రెండోసారి ఆ వరుస ఎత్తుకుంటే గొంతు చిరిగిన మాట నిజం. సెట్టు మాత్రం మోస్తానే ఉండె. ఇంగా పది పాటలు మోసేది. మీ నాయన ముందు వరుసలో చెయ్యెత్తినాడు అన్నావే, ఎత్తినాడు. మెచ్చుకోను కాదమ్మా. నా వైపు చూసి, చెయ్యి ఎత్తి, అరచెయ్యి కిందికి తిప్పినాడు. తగ్గించు అని. పక్కన చీరలు ఇచ్చిన పెద్దోళ్ళంతా మొగం మాడ్చుకుని ఉండారు. మూడో వరుస ఏమొస్తాదో మీ నాయనకు తెలుసు. ఇంట్లో ఆడోళ్ళు కండెలు చుట్టేటప్పుడు రోజూ వినేదే గదా. అమ్మవారి ముందర, ఊరి ముందర, ఆ మాట రాకూడదని ఆయన ఆలోచన.

నేను తగ్గించినా. తగ్గించినా అంటే, నాబు మొత్తం వెనక్కి తిప్పేసినా. ఆమె పెదాలు కదలతానే ఉండాయి, గొట్టాల్లోనించి ఏమీ లేదు. నాకు అప్పుడు చెవులు బాగానే పనిచేస్తా ఉండె. ఆ నిశ్శబ్దం నాకు వినబడింది. ఆ పైన మరమగ్గాల మోత నా చెవులు తినేసింది గానీ, దాన్ని తినలేకపోయింది.

"వాల్వు కాలిపోయింది" అని అందరికీ చెప్పినా. అందరూ నవ్వినారు. మీ చిన్నమ్మా నవ్వింది. ఆ తర్వాత ఎవురు అడిగినా మైకు ముట్టలేదు. ఇంట్లో కండెలు చుట్టేటప్పుడు కూడా పాడడం మానేసింది. నేను సెట్టు అటక ఎక్కించింది ఎప్పుడో తెల్సా, మరమగ్గాలు వచ్చినాక కాదు, ఆ ఏడే వినాయక చవితి ముందర. జనానికి వేరే కారణాలు చెప్పినా. ముప్పై ఏండ్లు ఆడించినానని గొప్పగా చెప్పుకుంటా ఉండా గానీ, ఆ తర్వాత ఆడించినవన్నీ ఇంకొకరి దగ్గర బాడుగకు తెచ్చిన సెట్లే.

మీ నాయన చెడ్డోడు కాదు. నా కన్నా పదేండ్లు పెద్దోడు, నన్ను పెంచినోడు. చెయ్యి ఆయనది, నాబు నాది. తిప్పకుండా ఉండొచ్చు. తిప్పినా.

పూలకుండీ పెట్టాకు. నా మాట విను. హెడ్‌ఫోన్ డబ్బా కొనాకు.

నీ చిన్నాయన
గంగాధరం

తిరుపతి,
8 జూన్ 2025, ఆదివారం.

చిన్నాయనా,

పది రోజులు నీకు ఏమీ రాయలేకపోయినాను. కోపం ఎవరి మీదో తేల్చుకోలేక. నాయన ఫోటో ముందు నిలబడి, ఆ చెయ్యి గుర్తు తెచ్చుకోవాలని చూసినాను. ఎత్తిన చెయ్యి కనబడుతోంది, అరచెయ్యి ఎటువైపు తిరిగిందో మాత్రం కనబడదు. తొమ్మిదేండ్ల పిల్ల తనకు కావాల్సిన వైపుకు తిప్పుకుని దాచుకుంది. దాని మీద నేను ఇన్నేండ్లు ఇల్లు కట్టుకున్నాను. ఇప్పుడు కూలిందా అంటే, పూర్తిగా కూలలేదు. నాకు సైకిలు నేర్పించిందీ ఆ మనిషే, యూనివర్సిటీ హాస్టలుకు ట్రంకు పెట్టె మోసిందీ ఆ మనిషే. అది కూడా నిజమే, ఇది కూడా నిజమే. రెండు వరుసలూ పాడుకుంటూ కూర్చున్నాను.

నువ్వు రాసినందుకు మెచ్చుకోవాలో, ముప్పై ఐదేండ్లు రాయనందుకు తిట్టాలో తెలియలేదు. ప్రస్తుతానికి తిట్టు బాకీ మాత్రం తీర్చేస్తాను: పిరికివాడివి. సరే, అయిపోయింది.

ఇప్పుడు జరిగింది చెప్తాను. పోయిన ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు, పెట్టెను మేడ మీదికి ఎక్కించినాను. పునీత్ ఒకవైపు, మా ఆయన ఒకవైపు. "చిన్నాయన నీ పార్టీ కాదు, ఎవరి పార్టీనో చదువు" అని నీ ఉత్తరం ఇచ్చినాను. చదివినాడు. కిందికి దిగి ఇంట్లోంచి కటింగ్ ప్లేయర్ తెచ్చినాడు. "నేనే పీకనా?" అన్నాడు. "వద్దు, ఇటివ్వు" అన్నాను. మేకు చాలా గట్టిగా కొట్టినావు చిన్నాయనా, నా అరచెయ్యి బొబ్బ లేచింది.

ప్రేమానందం గారు మెట్లెక్కి వచ్చినారు. కాగితం సంగతి గుర్తు చేసినారు. "ఐదున్నర దాకా వాయిస్తానండీ. పగటి పూటే. మైకుల్లో పాటలు, పెండ్లి డీజేలు, ఎన్నికల జీపులు ఈ మేడకు వినబడుతూనే ఉన్నాయి. అరగంట నేనూ వినబడతాను. మీకు అభ్యంతరముంటే మీటింగులో పెట్టండి, వచ్చి నిలబడతాను" అన్నాను. ఆయన "అది కాదమ్మా, మీకే మంచిది కాదని..." అన్నారు. "నాకు ఏది మంచిదో నేను చూసుకుంటానండీ" అన్నాను. ఇన్నేండ్లలో ఈ వాక్యం నేను పూర్తిగా పలకడం అదే మొదలు.

నాబు సగం దాటించినాను. ముప్పావు. చివరి దాకా.

చిరిగింది చిన్నాయనా. తాత మగ్గం పలకలు నా మోకాళ్ళకు తగిలేట్టు వణికినాయి. నేను బాగా వాయించలేదు, రెండుచోట్ల తప్పు పోయినాను. కానీ పక్క మేడ మీద బట్టలు తీస్తున్న ఒకావిడ, చేతిలో దుప్పటి అట్లాగే పట్టుకుని, చివరి దాకా నిలబడింది. వాయించింది ఏ పాటో తెలుసా? చిన్నమ్మ రెండు వరుసలు. మూడోది రాదు కాబట్టి, అక్కడ ఖాళీగా వదిలేసి, మళ్ళీ మొదటికి వచ్చినాను.

మీటింగు జరగబోతోంది. జరగనీ.

ఒక్క మాట. ఈ సంగతి చిన్నమ్మకు నువ్వు చెప్పు. వచ్చే వారం లోపు నువ్వు చెప్పకపోతే నేను నగరికి వచ్చి చెప్తాను. నిన్ను బెదిరించడం లేదు. నిజానికి బెదిరిస్తున్నాను.

లోహిత

నగరి,
19-6-2025

లోహితా,

చెప్పినా.

పొద్దున కాఫీ తాగేటప్పుడు చెప్పినా. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో తెలీదు, చౌడేశ్వరమ్మ వదిన గోడ మీంచి తొంగి చూసింది. చూస్తే చూడనీలే అనుకుంటి. మీ చిన్నమ్మ గ్లాసు కింద పెట్టి, లేచి లోపలికి పోయింది. నా పని అయిపోయింది అనుకుంటి. ఆమె పోయింది కళ్ళజోడు తెచ్చుకోను. నీ ఉత్తరాలన్నీ ఇమ్మనె. నేను రాసినవాటికి నకళ్ళు లేవు అంటే, "నువ్వు రాసింది నాకు తెలుసులే, పాప రాసింది ఇయ్" అనె.

ఇంగ నేను రాయగూడదంట. పెన్ను లాక్కుంటా ఉండాది.

చిన్నాయన

పాపా,

నేను జ్ఞానాంబను. నా రాత బాగుండదు, తప్పులుంటే సర్దుకో.

మీ చిన్నాయన ఈ పొద్దు చెప్పిన సంగతి నాకు ఆ పొద్దే తెలుసు. మైకు ముందర నిలబడిన మనిషికి సెట్టు కనబడదా? మీ నాయన చెయ్యి చూసినా. ఈయన చెయ్యి నాబు మీదికి పోయింది చూసినా. వాల్వు కాలితే వాసన వస్తాది, ఆ మాత్రం నాకు తెలీదా, మైకు సెట్టోడి పెండ్లాన్ని. అందరూ నవ్వితే నేనూ నవ్వినా. నేను ఊరుకున్నది మీ చిన్నాయన పరువు కాపాడను కాదు. ఎప్పటికైనా తనంతట తానే చెప్తాడేమో చూద్దామని. చెప్పేదాకా పాడగూడదని పట్టు పట్టినా. ఇన్నేండ్లు పట్టిందే. నువ్వు తిట్టకపోతే ఇంగా పట్టేది.

పాట మర్చిపోయినా అని నీకు అబద్ధం చెప్పినా. మర్చిపోలేదు.

ఆగస్టు మూడో తేదీ, ఆడి నెల మూడో ఆదివారం, మన వీధి జాతర. పెట్టె ఎత్తుకుని రా. మీ ఆయనను కూడా రమ్మను, మొయ్యడానికి. గిటారు తీసుకురా. నీకు మూడో వరుస రాదని పక్కకు చూడాకు, అది నేను చూసుకుంటా. ఈ వీధిలో ఇప్పుడు పెద్దోళ్ళమంటూ చెయ్యెత్తేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండారు. ఎత్తనీ. సెట్టును నా పక్కనే పెట్టు, చెయ్యి చాపితే అందేట్టు. నాబు మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడగూడదు. మీ చిన్నాయనది అసలే పడగూడదు. ఆయన అరచెయ్యి పెట్టె మీద పెట్టుకుని కూర్చుంటాడంట, కూర్చోనీ. వినబడకపోయినా తెలుస్తాదంట.

మీ చిన్నాయనకు ఎట్లానూ వినబడదు గదా అని ఇందాక కండెలు చుట్టుకుంటా ఒకసారి పాడి చూసినా. గొంతు రొంత చిరుగుతా ఉండాది. నీకు అదే కావాలంటివి గదా.

మూడో వరుస అడిగినావు. రాసుకో. మధ్యలో వదిలిన ఖాళీలో ఇది పెట్టు:

నూటెనిమిది చీరలు నీకు, నాకు అంచు ముక్కా గంగమ్మా
నూటెనిమిది చీరలు నీకు, నాకు అంచు ముక్కా గంగమ్మా
ముందు నా పాట వినవే, వింటేనే నీకు చీర గంగమ్మా